ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌కు పీల్చే మందులు: పరీక్షలు ఎంతవరకు వచ్చాయి? ఇంట్లో ఉన్న నెబ్యులైజర్‌తో ప్రయత్నించవచ్చా?

ప్రశ్న: లెక్కల మాస్టారి అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రెండేళ్ల క్రితం ఎడతెగని పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. సీటీ స్కాన్ తీసి ఐపీఎఫ్, అంటే కారణం తెలియకుండా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టే ఫైబ్రోసిస్ అని చెప్పారు. పిర్‌ఫెనిడోన్ మాత్రలు మొదలుపెట్టిన నాటి నుంచి ఆయనకు అన్నం ముందు కూర్చుంటేనే వికారం. పొద్దున పది దాటాక వాకిట్లోకి వెళ్లినా చేతులు ఎర్రగా కమిలిపోయేవి. ఆరు నెలల్లో 6 కిలోలు తగ్గారు. నింటెడానిబ్ అనే మరో మందుకు మారిస్తే విరేచనాలతో మంచం పట్టారు. ఇప్పుడు మళ్లీ పిర్‌ఫెనిడోన్‌నే తక్కువ మోతాదులో వాడుతున్నారు.

ఊదే పరీక్షలో వచ్చిన ఎఫ్‌వీసీ (గుండెల నిండా పీల్చి బలంగా ఊదితే బయటికి వచ్చే మొత్తం గాలి) అంకెలను ఆయనే ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుంటారు. నిరుడు జనవరిలో 2.41 లీటర్లు, జూలైలో 2.26, ఈ జనవరిలో 2.19. మొన్న ఆ పేజీ నా ముందు పెట్టి, ‘‘ఈ గీత కిందికే పోతోందిరా’’ అన్నారు.

ఇదే పిర్‌ఫెనిడోన్‌ను పీల్చే ద్రవంగా తయారుచేసి పరీక్షిస్తున్నారనీ, కడుపుకు బాధ లేకుండా నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుందనీ చదివాను. ఇది నిజమేనా? దగ్గు కోసం బుడెసొనైడ్ ఇచ్చినప్పుడు కొన్న నెబ్యులైజర్ మా ఇంట్లో ఉంది. మాత్రను మెత్తగా నూరి సెలైన్‌లో కలిపి అందులో పోయవచ్చని మా వీధి మందుల దుకాణంలో ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా? చేయకూడదంటే, క్లినికల్ ట్రయల్‌లో నాన్నగారిని చేర్పించడం మంచిదేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పొగమంచు పనివాడు (హైదరాబాద్)

అన్నిటికంటే ముందు, మాత్రను నూరి నెబ్యులైజర్‌లో పోయకండి. పీల్చే మందులు తయారుచేసే విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

మాత్రలో మందు ఒక్కటే ఉండదు. పొడిని పట్టి ఉంచడానికి సెల్యులోజ్, అచ్చుకు అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్, పైపూతలో టైటానియం డయాక్సైడ్ వంటివి ఉంటాయి. కడుపులోకి వెళ్లినప్పుడు వీటితో ఇబ్బంది లేదు, వచ్చిన దారినే పోతాయి. గాలిగదుల్లోకి వెళితే మాత్రం చాలావరకు కరగక అక్కడే ఉండిపోతాయి. మాత్రలను నూరి నరంలోకి ఎక్కించుకునే వ్యసనపరుల ఊపిరితిత్తుల్లో ఇలాంటి పూరక పదార్థాల చుట్టూ గడ్డలు కట్టి మచ్చలు పడడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. మచ్చల జబ్బుకు మందు వేస్తున్నామనుకుంటూ మచ్చలకు కొత్త కారణాన్ని లోపలికి పంపినట్లవుతుంది. పైగా మాత్ర క్రిమిరహితం కాదు. నెబ్యులైజర్‌లో పోసే ద్రవం క్రిమిరహితంగా ఉండాలి, అందులోని ఉప్పు, ఆమ్లత కూడా శ్వాసనాళాలకు సరిపడేలా ఉండాలి. లేకపోతే నాళాలు బిగుసుకుపోయి, ఉన్న ఊపిరి కూడా కష్టమవుతుంది.

ఇక పీల్చే మందును ఎలా పరీక్షిస్తారో కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని అదే మందును వేరే సీసాలో పోయడం అనుకుంటారు. తుంపర పరిమాణం 5 మైక్రాన్లు దాటితే గొంతు వెనక గోడకు కొట్టుకుని మింగుడుపడుతుంది. 1 మైక్రాన్ కంటే బాగా చిన్నదైతే చాలాభాగం వెళ్లిన గాలితోనే తిరిగి వచ్చేస్తుంది. మనకు కావలసింది ఆ మధ్యలోనిది. దీన్ని కొలవడానికి మా దగ్గర ఇంపాక్టర్ అనే పరికరం ఉంటుంది. మొదట గొంతు వంపు ఆకారంలో ఒక లోహపు గొట్టం, దాని తరువాత ఏడు అంచెలు, ప్రతి అంచెలోనూ ముందుదానికంటే సన్నని రంధ్రాలు, వాటి కింద చిన్న గిన్నెలు ఉంటాయి. నెబ్యులైజర్‌ను అమర్చి నిమిషానికి 15 లీటర్ల చొప్పున గాలిని లాగుతాం. తుంపరలు దారిలో ఆవిరై చిన్నబోకుండా పరికరాన్ని ముందే 5 డిగ్రీలకు చల్లబరుస్తాం. ఆ తరువాత ఒక్కో గిన్నెనూ విడిగా కడిగి, ఏ గిన్నెలో ఎన్ని మైక్రోగ్రాములు పడ్డాయో యంత్రంతో తూచినట్లు లెక్కిస్తాం. ఒక్క పూట పరీక్షకు ఒక్క పూట కడుగుడు, అది వేరే సంగతి.

ఇక్కడే నాకు ఎప్పుడూ అసంతృప్తిగా ఉండే విషయం ఒకటుంది. మందు ఎంత లోపలికి పోతుందో చూడడానికి శ్వాసను అనుకరించే పంపు వాడతాం. పెద్దవారి ప్రామాణిక శ్వాసంటే అందులో ఒక్కో ఊపిరికి 500 మిల్లీలీటర్లు, నిమిషానికి 15 సార్లు. ఫైబ్రోసిస్ ఉన్నవారు అలా పీల్చరు. ఊపిరితిత్తి గట్టిపడి సాగదు కాబట్టి కొంచెం కొంచెంగా, గబగబా పీలుస్తారు, మధ్యలో దగ్గుతారు. ప్రయోగశాలలో వచ్చిన అంకె అందంగా ఉన్నంత మాత్రాన రోగి ఛాతీలోనూ అంతే వస్తుందని చెప్పలేం. అందుకే కొన్ని మందుల విషయంలో తుంపరకు టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక గుర్తును కలిపి, రోగి పీల్చాక గామా కెమెరాతో ఫొటో తీసి, మందు ఎక్కడ దిగిందో చూస్తారు.

జవాబు: ఊపిరి వైద్యుడు (విశాఖపట్నం)

పై జవాబు ఇచ్చినవారు తయారీ వైపు నుంచి చెప్పారు, నేను రోగి మంచం పక్క నుంచి చెబుతాను.

మీరు చదివింది నిజమే. పిర్‌ఫెనిడోన్ మాత్రల పూర్తి మోతాదు రోజుకు సుమారు 2,400 మిల్లీగ్రాములు. అంత మందు కడుపు, కాలేయం, రక్తం, చర్మం అన్నీ తిరిగి, చివరికి ఊపిరితిత్తికి చేరేది కొంతే. మీ నాన్నగారి వికారానికీ కమిలిన చేతులకూ కారణం ఆ దారిమళ్లింపే. ఏపీ01 అనే పేరుతో పీల్చే పిర్‌ఫెనిడోన్‌ను 91 మంది ఐపీఎఫ్ రోగులలో పరీక్షించి 2023లో ఫలితాలను ప్రచురించారు. వారు మాత్రలు పడనివారు లేదా వద్దనుకున్నవారు. కొందరికి రోజుకు ఒకసారి 50 మిల్లీగ్రాములు, మిగిలినవారికి రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ఎఫ్‌వీసీ మెరుగ్గా నిలిచినట్లు కనబడింది, వికారం వంటి బాధలూ తక్కువే. అయితే అందులో ఉత్తుత్తి మందు (ప్లాసిబో, అంటే చూడడానికి మందులాగే ఉండి మందు లేనిది) తీసుకున్న వర్గం లేదు, ఎవరు ఏ మోతాదు తీసుకుంటున్నారో అందరికీ తెలుసు. అది ఆశ కలిగించే ఫలితమే గాని నిర్ధారణ కాదు. అందుకే తరువాతి దశ పరీక్ష ఉత్తుత్తి మందుతో పోల్చి మొదలైంది.

పీల్చే మందు అనగానే మంచిదని అనుకోకూడదని చెప్పే ఉదాహరణలు ఈ జబ్బులో చాలా ఉన్నాయి. గాలెక్టిన్-3 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే పొడి మందు ఒకటి చిన్న పరీక్షలలో ఎంతో బాగుందనిపించుకుని, 52 వారాల పరీక్షలో ఎఫ్‌వీసీని కాపాడలేక 2023 ఆగస్టులో చతికిలబడింది. అదే ఏడాది జూన్‌లో, ఆక్సిజన్ వాడుతున్న రోగులకు నైట్రిక్ ఆక్సైడ్ వాయువును పీల్పించిన పెద్ద పరీక్ష కూడా విఫలమైంది. ఎలుకలలో గెలిచి మనుషుల దగ్గర ఓడిన మందులకైతే లెక్కే లేదు. బ్లియోమైసిన్ అనే మందు ఇచ్చి ఎలుక ఊపిరితిత్తిలో మచ్చ పుట్టిస్తారు, కాని ఆ మచ్చ కొన్ని వారాలకు చాలావరకు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. మీ నాన్నగారి మచ్చ అలా తగ్గదు.

ఇంకో చిక్కు ఉంది. ఐపీఎఫ్ మచ్చలు ఎక్కువగా ఊపిరితిత్తుల అడుగున, అంచుల వెంబడి పడతాయి, స్కాన్‌లో తేనెపట్టులా కనబడేవి అవే. పీల్చిన గాలి సులువుగా సాగే చోటికే పోతుంది గాని గట్టిపడిన చోటికి అంతగా పోదు. పీల్చే మందు అవసరమైన చోటికి తక్కువగా, ఇంకా బాగున్న చోటికి ఎక్కువగా చేరవచ్చు. ఇది నష్టమేనా? తప్పకుండా నష్టమని చెప్పలేం, ఎందుకంటే ఇంకా బాగున్న భాగాన్ని కాపాడుకోవడమే మన పోరాటం. రక్తనాళాలను సడలించే మందుల విషయంలోనైతే ఇదే లాభంగా మారింది. రియోసిగ్వాట్ అనే మాత్ర రక్తనాళాలన్నిటినీ సడలిస్తుంది. ఊపిరితిత్తుల మచ్చలతో పాటు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో రక్తపోటు పెరిగినవారిలో దాన్ని పరీక్షించినప్పుడు మరణాలు ఎక్కువగా కనబడడంతో 2016లో ఆపేశారు. నాళాలను సడలించే మరో మందు ట్రెప్రోస్టినిల్‌ను పీలిస్తే గాలి వెళ్లే చోటనే నాళాలు సడలుతాయి కాబట్టి రక్తం కూడా గాలి ఉన్న చోటికే చేరుతుంది. 326 మందిపై 16 వారాలు జరిగిన ఇంక్రీజ్ పరీక్షలో, ఆరు నిమిషాల్లో నడిచే దూరం ఉత్తుత్తి మందుతో పోలిస్తే సుమారు 31 మీటర్లు మెరుగైంది. దాని ఆధారంగా 2021లో అమెరికాలో, మచ్చల జబ్బుతో పాటు ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్నవారికి దానిని అనుమతించారు. ఆ రోగులలో ఎఫ్‌వీసీ కూడా మెరుగ్గా ఉండడం గమనించి, ఊపిరితిత్తుల రక్తపోటు లేని ఐపీఎఫ్ రోగులలోనూ పనిచేస్తుందేమోనని టెటాన్ అనే పరీక్షలు మొదలుపెట్టారు. వాటిలో 597 మందిపై జరిగిన టెటాన్-2 ఫలితం 2025 సెప్టెంబరులో వెలువడింది. 52 వారాల తరువాత రెండు వర్గాల మధ్య ఎఫ్‌వీసీలో మందుకు అనుకూలంగా 95.6 మిల్లీలీటర్ల తేడా వచ్చింది. పీల్చే మందుల చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం.

మీ ఇంట్లోని బుడెసొనైడ్ గురించి కూడా ఒక మాట. అది శ్వాసనాళాల వాపుకు ఇచ్చే మందు, ఆస్తమా ఉంటే పనికొస్తుంది. ఐపీఎఫ్ మచ్చలను ఆపదు.

మళ్లీ లెక్కల మాస్టారి అబ్బాయి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాత్ర నూరే ఆలోచన మానుకున్నాం. మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఆ 95.6 దగ్గర ఆగిపోయి, ‘‘వంద మిల్లీలీటర్లంటే టీ కప్పులో సగం. దీనికోసం ఇంత హంగామానా? అంత తేడా నాకు తెలుస్తుందా?’’ అని అడగమన్నారు.

ఊపిరి వైద్యుడు (విశాఖపట్నం)

మాస్టారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. నిజానికి ఆ తేడా ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

ఊదే పరీక్షలో ఒకే పూట కనీసం మూడుసార్లు సరిగా ఊదిస్తాం. వాటిలో మేలైన రెండింటి మధ్య 150 మిల్లీలీటర్ల లోపు తేడా ఉంటే పరీక్ష సరిగా జరిగినట్లే లెక్క. అంటే ఒకే మనిషి, ఒకే కుర్చీలో, పది నిమిషాల వ్యవధిలో ఊదినా ఆ మాత్రం తేడా రావచ్చు. మీ పుస్తకంలోని 2.26కూ 2.19కూ మధ్య ఉన్న 70 మిల్లీలీటర్లను చూసి జబ్బు ముదిరిందని గాని, వాడుతున్న మందు విఫలమైందని గాని చెప్పడానికి వీల్లేదు. ఏడాది మొత్తానికి తగ్గిన 220 మాత్రం పట్టించుకోవలసిన అంకె. నింటెడానిబ్ పరీక్షలలో ఉత్తుత్తి మందు తీసుకున్న రెండు వర్గాల ఎఫ్‌వీసీ ఏడాదికి సగటున 240, 207 మిల్లీలీటర్ల చొప్పున తగ్గింది, మందు తీసుకున్నవారిలో ఆ తగ్గుదల 115 దగ్గర నిలిచింది. మాస్టారి గీత మందు లేనివారి గీతకు దగ్గరగా ఉంది. తక్కువ మోతాదు సరిపోవడం లేదేమోనని మీ డాక్టరు గారిని అడగడానికి అది చాలు.

ఇప్పుడు టీ కప్పు సంగతి. ఏటా 200 పైచిలుకు పోయే చోట 95 మిగిలితే అది దాదాపు సగం. కానీ ఒక్క మనిషిలో ఆ 95 కొలతల తడబాటులో కలిసిపోతుంది. అందుకే 597 మంది కావలసివచ్చారు, అందుకే 52 వారాలు పట్టింది, అందుకే సగం మంది ఏమీ లేని తుంపరను రోజుకు నాలుగుసార్లు పీల్చారు. ఇంట్లో ఒక్కరిమీద ఏదో ఒకటి పీల్పించి ‘కాస్త తేలిగ్గా ఉంది’ అనుకోవడంలో ఉన్న ప్రమాదం మాత్రలోని పొడి ఒక్కటే కాదు. పనిచేసినా, చేయకపోయినా, కీడు చేస్తున్నా తెలుసుకునే మార్గం ఉండదు.

ఇంకో విషయం అడగడం మరిచాను. మీ ఇంటి బాల్కనీలో గాని, పక్కింటి డాబా మీద గాని పావురాలు ఉన్నాయా? నీళ్ల కూలర్ వాడతారా? 2017లో ప్రచురించిన భారతీయ ఐఎల్‌డీ (ఐపీఎఫ్ వంటి ఊపిరితిత్తుల మచ్చల, వాపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) రిజిస్ట్రీలో 1,084 మంది రోగులను పరిశీలిస్తే, 47 శాతానికి పైగా పక్షుల రెట్టలు, బూజు వంటివి పీల్చడం వల్ల వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ రోగులే. ఐపీఎఫ్ 14 శాతం లోపే. రెండూ చివరికి మచ్చలే కట్టవచ్చు, కాని వైద్యం వేరు, ట్రయల్ అర్హత వేరు. ఒక జబ్బులో మేలు చేసిన మందు పక్క జబ్బులో కీడు చేయవచ్చు. ఇందాక చెప్పిన ట్రెప్రోస్టినిల్‌నే సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల శ్వాసనాళాలు ఇరుకయ్యే జబ్బు)తో పాటు ఊపిరితిత్తుల రక్తపోటు ఉన్నవారిలో పరీక్షించినప్పుడు హాని కనబడడంతో మధ్యలోనే ఆపేశారు.

జవాబు: ఎడిసన్ కోడలు (న్యూజెర్సీ)

మా అత్తయ్యగారికి మచ్చల జబ్బుతో పాటు ఊపిరితిత్తుల రక్తపోటు కూడా ఉంది. ఆమె పీల్చే ట్రెప్రోస్టినిల్ వాడుతున్నారు. మంచీ చెడూ తీర్పు చెప్పను గాని, పీల్చే మందు అంటే సులువని అనుకునేవారికి మా ఇంటి దినచర్య తెలియాలని రాస్తున్నాను.

పొద్దున్నే రేకు సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి తీసి మెడ తుంచి, మందు మొత్తాన్ని పరికరంలోని గిన్నెలో పోస్తాం. ఆ గిన్నె కింద డిస్టిల్డ్ వాటర్ ఉండాలి, కుళాయి నీళ్లు పనికిరావు. ఆ ఒక్క గొట్టమే రోజంతటికీ, నాలుగు పూటలకూ. మిగిలిన చుక్కలను రాత్రి పారబోసి విడిభాగాలన్నీ కడిగి ఆరబెట్టాలి. మొదట పూటకు 3 ఊపిరులతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ 12 వరకు వచ్చాం. పెంచిన ప్రతిసారీ దగ్గు, తలనొప్పి, ముఖం వెచ్చబడడం. ‘‘దగ్గు తగ్గడానికి మందంటే దగ్గు తెప్పించే మందిచ్చారేమే’’ అని అత్తయ్య మొదటి నెలంతా నన్నే నిలదీశారు. పెళ్లికి వెళ్లినా పరికరం వెంట ఉండాల్సిందే. చార్జింగ్ మరిచిపోయి ఒకసారి దారిలోంచి వెనక్కి వచ్చాం.

డాక్టరు గారికి నాదొక సందేహం. మందు పీల్చినవారికి దగ్గు వస్తే, ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది రోగులకు తెలిసిపోదా?

ఊపిరి వైద్యుడు (విశాఖపట్నం)

తెలివైన సందేహమమ్మా. కొంతవరకు ఊహించే ప్రమాదం ఉంటుంది. అయితే ఇంక్రీజ్ పరీక్షలో ట్రెప్రోస్టినిల్ వర్గంలో సుమారు 44 శాతం మందికి దగ్గు వస్తే, ఉత్తుత్తి మందు వర్గంలోనూ 33 శాతం మందికి వచ్చింది. జబ్బే దగ్గు జబ్బు, పైగా ఏ తుంపర పీల్చినా గొంతు గరగరలాడుతుంది. కాబట్టి దగ్గును బట్టి పందెం కాసేవారు చాలాసార్లు ఓడిపోతారు. ‘మీకెలా ఉంది’ అనే ప్రశ్నపై కాకుండా ఊదే పరీక్ష మీద ప్రధాన ఫలితాన్ని నిలపడానికి ఇదీ ఒక కారణం.

ట్రయల్‌లో చేర్చాలా అని అడిగారు. మన దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ వివరాలూ సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే భారతీయ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఉండాలి, 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. అక్కడ జబ్బు పేరుతో వెతికితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఏ దశలో ఉందో కనబడుతుంది. అక్కడ లేని ‘ట్రయల్’ గురించి ఎవరైనా చెబితే మొహమాటం లేకుండా కాదనండి. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు అడిగితే అక్కడినుంచి లేచి రండి. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ నష్టపరిహారమూ ఇవ్వాలి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, దాని ప్రతి మీకు ఇవ్వాలి. ఏ రోజైనా కారణం చెప్పకుండా వైదొలగవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగకూడదు. అర్హత విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఐపీఎఫ్ ట్రయల్స్ సాధారణంగా ఎఫ్‌వీసీ సగానికి సగం పడిపోయినవారిని తీసుకోవు. బాగున్నప్పుడు ‘ఇప్పుడెందుకులే’ అనుకుని, క్షీణించాక వచ్చేవారిని వెనక్కి పంపవలసి రావడం నాకు తరచు ఎదురయ్యే బాధ.

ఈలోగా ఉన్న మాత్రలనే పడేలా చేసుకోవడానికి ఇంకా దారులున్నాయి. పిర్‌ఫెనిడోన్‌ను భోజనానికి ముందో తరువాతో కాక సగం అన్నం తిన్నాక మధ్యలో వేసుకుని, మిగిలిన సగం తినమనండి. మోతాదును డాక్టరు చెప్పినట్లు వారాల వ్యవధిలో మెల్లగా పెంచితే చాలామందికి వికారం అదుపులోకి వస్తుంది. పూర్తి చేతుల చొక్కా, గొడుగు, సన్‌స్క్రీన్ తప్పవు. నింటెడానిబ్‌కైతే విరేచనాలు ఆపే మాత్ర, 150కి బదులు 100 మిల్లీగ్రాముల మోతాదు అనే వెసులుబాటు ఉంది.

లెక్కల మాస్టారి అబ్బాయి

పావురాల మాట చదవగానే ఒళ్లు ఝల్లుమంది. మా అపార్టుమెంటులో వంటింటి వెనక గాలి వచ్చే సందంతా పావురాలే. ఏసీ బాక్సు మీద రెట్ట పేరుకుని ఉంటుంది, నాన్నగారే నెలకోసారి చీపురుతో ఊడ్చి శుభ్రం చేసేవారు. ఇంతవరకు ఏ ఆసుపత్రిలోనూ మమ్మల్ని ఆ సంగతి అడగలేదు, అడగాలని మాకూ తెలియలేదు. నిన్ననే వల కట్టించడానికి మనిషిని పిలిచాను. ఆ పని పూర్తయ్యేవరకు నాన్నగారిని చెల్లి ఇంట్లో ఉంచాం.

సోమవారం డాక్టరు గారి దగ్గరికి వెళుతున్నాం. పాత సీటీ స్కాన్ సీడీని, ఈసారి మూడు ఊదుళ్ల అంకెలూ కనబడే ప్రింటును అడిగి తీసుకోమని నాన్నగారి ఆజ్ఞ. ఆయన రూళ్ల పుస్తకంలో పాత అంకెల పక్కన ఎర్ర సిరాతో ‘±150’ అని రాసుకున్నారు.